హెచ్.264 పద్ధతి - గుణదోషములు

వీడియోను కుదించుటకు నేడు విరివిగా వాడబడుచున్న పద్ధతులలో హెచ్.264 ఒకటి. 2003లో ప్రమాణముగా వెలువడిన ఈ పద్ధతిని “చిన్న ఫైలు, చక్కని బొమ్మ” అని మెచ్చుకొందురు. ఆ మెప్పు సబబైనదే. కాని ఏ పనికి? ఈ ప్రశ్న వేయకపోవుటచేతనే పెక్కు ఇండ్లలో పెండ్లి వీడియోలు, బడి వార్షికోత్సవముల వీడియోలు నకలు వెంట నకలుగా మసకబారుచున్నవి.

అసలు కుదింపు ఎందుకు? లెక్క చూతము. 1920 × 1080 బిందువులుగల ఫ్రేమునకు, బిందువునకు మూడు బైట్ల చొప్పున, సుమారు 62 లక్షల బైట్లు కావలెను. సెకనుకు 25 ఫ్రేములైనచో గంటకు 560 గిగాబైట్లగును. సెకనుకు 80 లక్షల బిట్ల చొప్పున హెచ్.264 దీనినే 3.6 గిగాబైట్లకు దించును. ఇది గొప్ప గుణము.

ఉపాధ్యాయుడు పాఠము చెప్పుచుండగా నల్లబల్ల, గోడ కదలవు, చేయి కదలును. కావున ఒక ఫ్రేమును పూర్తిగా వ్రాసి, తరువాతివానిలో మార్పులను మాత్రమే వ్రాయుట ఇందలి కిటుకు. కంటికి అంతగా ఆనని వివరములు వదలివేయబడును.

దోషము కూడ ఇక్కడనే పుట్టును. కూర్పు చేయునపుడు నడిమి ఫ్రేము నొకదానిని చూపుటకు కంప్యూటరు దాని ఆధార ఫ్రేములను కూడ విప్పవలెను; పాత యంత్రములు తడబడును. ఇది చిన్న దోషము. పెద్దది వేరొకటి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలునే మరల తెరచి, పేర్లు చేర్చి, మరల ఎక్స్‌పోర్ట్ చేసినచో మరికొన్ని వివరములు పోవును. రెండవసారి బిట్లు హెచ్చించినను పోయినవి తిరిగిరావు; ఫైలు మాత్రము లావగును. సాఫ్ట్‌వేరులోని “అధిక నాణ్యత” అను మాట ఈ సంగతి చెప్పదు.

1995 నాటి డీవీ పద్ధతి ప్రతి ఫ్రేమును విడిగా కుదించును. కోయుటకు, అతుకుటకు అనువైనది. కాని నేటి పెద్ద చిత్రములకు చాలదు. 2007లో ఆపిల్ తెచ్చిన ప్రోరెస్ కూడ ఫ్రేములను విడివిడిగానే కుదించును. ప్రోరెస్ 422లో పై చిత్రమునకు గంటకు 50 గిగాబైట్లు దాటును. కూర్పునకు మేలు, పంపుటకు భారము. 2013 నాటి హెచ్.265 దాదాపు సగము బిట్లతోనే అంతటి బొమ్మ నిచ్చును; పాత యంత్రములు కొన్ని దానిని చదువలేవు. ఇక ఎంపీ4 అనునది కుదింపు పద్ధతి కాదు, వీడియోను ఉంచు పెట్టె మాత్రమే.

కావున హెచ్.264 పంచుటకు మంచిది. మరల మరల దిద్దుటకు కాదు. కెమేరా ఇచ్చిన మూల ఫైలును చెరపరాదు. దిద్దవలసిన ప్రతిసారి మూలమునకే పోవలెను.

విద్యార్థులారా! గాలికి కదలు వేపచెట్టును తీసి, తక్కువ బిట్లతో, ఎక్స్‌పోర్ట్ అయిన దానినే పదిమారులు మరల ఎక్స్‌పోర్ట్ చేయుడు. మొదటిదానిని, పదవదానిని పక్కపక్కన చూడుడు. ఆకులకు పట్టిన గతియే రేపు మీ అవ్వ ముఖమునకు పట్టకుండ చూచుకొనుట మీ చేతిలోనే యున్నది.