లాలాజలం దవడ జబ్బును చెప్పగలదా?

చెవికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. అక్కడ నొప్పి, నమిలేటప్పుడు టక్కుమనే శబ్దం, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం ఈ కీలు రుగ్మతల ముఖ్య లక్షణాలు. 2014లో వెలువడిన అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాలు ప్రధానంగా రోగిని అడగడం, కండరాలను చేత్తో నొక్కి చూడడం, నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటుందో కొలవడం మీదే ఆధారపడ్డాయి. ఇదంతా వైద్యుడి అనుభవాన్ని బట్టి మారవచ్చు. అందుకే సూది అవసరం లేని లాలాజల పరీక్ష మీద అంత ఆశ.

పరిశోధకులు కార్టిసాల్, ఆల్ఫా అమైలేజ్, ఇంటర్‌ల్యూకిన్‌ల వంటి జీవసూచికలను కొలిచారు. చాలా అధ్యయనాల పద్ధతి ఒకటే: నొప్పి ఉన్నవారి సగటును ఆరోగ్యవంతుల సగటుతో పోల్చడం. తేడా కనబడగానే 'నిర్ధారణకు ఉపయోగపడుతుంది' అని రాసేయడం తొందరపాటు. వైద్యుడి దగ్గరికి వచ్చేది ఆరోగ్యవంతుడు కాదు కదా! అతనిది జ్ఞానదంతం నొప్పా, చెవిపోటా, కీలు నొప్పా అన్నదే అసలు ప్రశ్న. ఆ ముగ్గురినీ పోల్చి చూడని అధ్యయనం ఆ ప్రశ్న జోలికే వెళ్ళలేదన్నమాట.

కార్టిసాల్‌నే తీసుకోండి. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో అది గరిష్ఠ స్థాయికి చేరి, రాత్రికి బాగా తగ్గుతుంది. ఒకరి నమూనా ఉదయం ఎనిమిదింటికి, మరొకరిది పదకొండింటికి తీస్తే మనం కొలిచింది జబ్బునా, గడియారాన్నా? పరీక్షల ముందు రోజు మీ లాలాజలంలోనూ అది పెరగవచ్చు, మీ దవడ నిక్షేపంగా ఉన్నా సరే. ఇంటర్‌ల్యూకిన్‌ల చిక్కు వేరు. కీలులోని ద్రవం నేరుగా నోట్లోకి రాదు. చిగుళ్ళ వాపు ప్రభావం మాత్రం నేరుగా లాలాజలంలో కనిపిస్తుంది. చిగుళ్ళను పరీక్షించకుండా ఇచ్చిన అంకెలను నేనైతే పక్కన పెడతాను.

ఇప్పుడు ఒక ఊహాత్మక లెక్క వేయండి. 1000 మందిలో 100 మందికి జబ్బు ఉందనుకుందాం. పరీక్ష సున్నితత్వం 80 శాతం, నిర్దిష్టత 80 శాతం. జబ్బు ఉన్నవారిలో 80 మందిని పట్టుకుంటుంది. లేని 900 మందిలో 180 మందికి కూడా 'ఉంది' అని చెబుతుంది. మొత్తం 260 మందిలో నిజమైన రోగులు 80 మందే, అంటే దాదాపు 31 శాతం.

అలాగని ఈ ప్రయత్నాన్ని కొట్టిపారేయలేం. 2014 ప్రమాణాల్లో రెండో అక్షం మానసిక ఒత్తిడి, ఆందోళన, కుంగుబాటులను ప్రశ్నావళులతో అంచనా వేస్తుంది. వాటి పక్కన కార్టిసాల్‌కు చోటు ఉండవచ్చు. ఒకే రోగి నమూనాను చికిత్సకు ముందు, తర్వాత, ఒకే వేళకు తీసి పోల్చడం నాకు ఇంకా నచ్చే మార్గం. అప్పుడు మనిషికీ మనిషికీ ఉండే తేడా అడ్డురాదు. ఒత్తిడి వల్ల నొప్పి పెరిగిందా, నొప్పి వల్ల ఒత్తిడి పెరిగిందా అన్న చిక్కు మాత్రం అక్కడా మిగిలే ఉంటుంది.