దస్తావేజుకు నాలుగు వైపులా

ఈ ఆదివారం పత్రికల్లో స్థలాల ప్రకటనలు చదివితే చిరాకే మిగిలింది. ఆనందపురం, సబ్బవరం, కొత్తవలస, భోగాపురం వైపు జీడి, మామిడి తోటలు కొట్టి, నేల చదును చేసి, వరసగా హద్దురాళ్లు పాతి అమ్ముతున్న ఫామ్ ప్లాట్లవి. అన్నిటిలోనూ పల్లె ఉంది, పచ్చదనం ఉంది, శాశ్వత నివాసం అన్న మాట ఉంది. విమానాశ్రయానికి ఎంత దూరమో ఉంది. బావిలో వేసవికి నీళ్లుంటాయా, వానకు పొంగే గెడ్డ ఎటు పారుతుంది, పక్క ఇంట్లో ఎవరున్నారు అన్న సంగతులు మాత్రం లేవు. వీటిని నమ్మి కొనేవాళ్లు ఆశపోతులేం కాదు. పోర్టులోనో, షిప్‌యార్డులోనో, స్టీల్‌ప్లాంటులోనో ముప్ఫై ఏళ్లు పనిచేసి, క్వార్టర్స్ ఖాళీ చేసే రోజు దగ్గరపడుతుంటే, చివరిదాకా ఉండడానికి ఊళ్లో ఒక ఇల్లు కావాలనుకునేవాళ్లు. ఆ కోరిక గౌరవించదగ్గది. అందుకే దాన్ని ఇంత తేలిగ్గా అమ్మకానికి పెట్టడం బాధ కలిగిస్తుంది.

ఈ కాలమ్‌ను వదలకుండా చదివేవారికి నా పాత పాట తెలుసు: ముందు కాగితం, తర్వాతే గోడ. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, లింకు డాక్యుమెంట్లు అడగండి, అడంగల్, 1-బి చూడండి, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో వెతకండి అని ఎన్నోసార్లు రాశాను. ఇది చాదస్తం కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే. అమ్మినవాడికి నిజంగా హక్కుందని ప్రభుత్వం పూచీ పడదు. ఆ పూచీ ఇస్తామంటూ తెచ్చిన 2022 నాటి ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చి, జనంలో పుట్టిన భయాల నడుమ 2024లో రద్దయింది. కాబట్టి హక్కు సంగతి తేల్చుకునే భారం ఇప్పటికీ కొనేవాడి నెత్తినే ఉంది.

కాగితం లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే సింహాచలం కొండ దిగి చూస్తే చాలు. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి. పంచగ్రామాల పేరు వినని విశాఖవాసి ఉండడు. ఇనాం భూముల రద్దు చట్టం కింద 1996లో సుమారు 9 వేల ఎకరాలకు దేవస్థానం పేరిట రైత్వారీ పట్టా వచ్చింది. అప్పటికే అక్కడ ఇళ్లున్నాయి, వీధులున్నాయి, తాతల నాటి పెరళ్లున్నాయి. ఆ పట్టాతో అక్కడి కుటుంబాలు కాపురమున్నచోటే ఆక్రమణదారులయ్యాయి. 2000లో క్రమబద్ధీకరణకు జీవో వచ్చింది, వివాదాల్లో చిక్కుకుంది. 2019లో ప్రత్యేక చట్టమే చేశారు, అది హైకోర్టు స్టేతో ఆగింది. 2025లో దేవస్థానానికి వేరే చోట భూమి ఇచ్చి లెక్క తేల్చాలన్న ప్రతిపాదన ముందుకొచ్చింది. ఈలోగా ఒక తరం ముసలిదైంది. 12 వేలకు పైగా ఇళ్ల సంగతి ఇది. రిజిస్ట్రేషన్ జరగదు, బ్యాంకు అప్పు పుట్టదు, ప్లాను మంజూరు కాదు. కురుస్తున్న రేకు తీసి శ్లాబు వేసుకుందామన్నా ఇసుక బండి వీధి మలుపులోనే ఆగిపోతుందేమోనన్న భయం. కూతురి పెళ్లికి ఇల్లు తాకట్టు పెట్టలేరు, అన్నదమ్ములు పంచుకుందామన్నా రాసుకోలేరు.

ఇంతవరకూ చూస్తే నా పాత మాటకు ఇంతకన్నా బలమైన రుజువు అక్కర్లేదు. కానీ ఇదే రుజువును ఇంకాస్త నిదానంగా చూడాలి. ఇన్ని దశాబ్దాల అనిశ్చితిలోనూ ఆ ఊళ్లు ఖాళీ కాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొండ మీది చెట్లను కూల్చేసినా జనం అక్కడే నిలబడ్డారు. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ సాగుతుంటే, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన భక్తులకు అడవివరం వాళ్లు మంచినీళ్లు, మజ్జిగ అందిస్తారు. తమకు పట్టా లేని వీధిలో నిలబడి ఊరి తరఫున ఆతిథ్యమిస్తారు. అటువైపు, పక్కా రిజిస్ట్రేషన్ జరిగిన వెంచర్లు ఎన్నో ఏళ్ల తరబడి హద్దురాళ్లు, తుమ్మతుప్పలతోనే ఉన్నాయి. కాగితాలన్నీ బీరువాలో భద్రంగా ఉంటాయి, రాత్రి దీపం పెట్టే మనిషి ఉండడు. కాగితం లేనిచోట శాశ్వతంగా బతుకుతున్నవాళ్లు, కాగితం ఉన్నచోట ఎన్నడూ కాపురం పెట్టనివాళ్లు. ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే ఒప్పుకోక తప్పనిది ఒకటుంది. ఇల్లు చేతులు జారిపోకుండా కాపాడగల శక్తి కాగితానికి ఉంది. ఆ ఇంటిని నిలిపేది మాత్రం అక్కడి కాపురమే.

ఆ మాటకొస్తే దస్తావేజులోనూ అదే ఉంది. ఏ పాత క్రయదస్తావేజైనా తీసి చివర షెడ్యూలు చదవండి. తూర్పున ఫలానావారి జీడితోట, దక్షిణాన ఫలానావారి ఇల్లు, పడమర గెడ్డ, ఉత్తరాన ఊరి బాట. సర్వే నంబరు, విస్తీర్ణం ఉన్నా, నేల మీద ఆ స్థలాన్ని ఆనవాలు పట్టేది ఈ నాలుగు హద్దులతోనే. వాటిలో రెండు మూడు మనుషుల పేర్లు. వివాదం వచ్చినప్పుడు సర్వేయరు గొలుసు పట్టుకొచ్చి మొదట పిలిచేది ఆ పొరుగువారినే. ఊళ్లో ఇల్లు కొంటున్నామంటే ఆ పేర్ల మధ్య మన పేరు చేర్చుకుంటున్నామన్నమాట. ప్రకటనల్లోని ప్లాటుకు నాలుగు వైపులా ఉండేవి నంబర్లు. తూర్పున 46, పడమర 48. ఆ నంబర్ల వెనక కొన్నవాళ్లు హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉంటారు. తుపాను రాత్రి ఎవరి తలుపు తట్టాలి?

ఇక్కడ కొన్ని అభ్యంతరాలకు బదులు చెప్పాలి. కాపురమే హక్కు అయితే దేవుడి భూమికి దిక్కెవరని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ధూపదీప నైవేద్యాల కోసం తరతరాలుగా సమకూరిన ఆస్తి అది. ఎన్నేళ్లు అనుభవించామన్న కారణంతో ఎవరిదీ కాకూడదనే 1987 నాటి దేవాదాయ చట్టం కాలపరిమితి వాదానికి తలుపు మూసింది. ఆ తలుపు మూసే ఉండాలి. నేనడిగేది భూమి ఊరకే ఇవ్వమని కాదు. విలువకు తగ్గ భూమి దేవస్థానానికి ముందు చేరాలి, తర్వాతే ఇంటివాళ్లకు కాగితం అందాలి. అప్పుడు దేవుడికీ లోటు రాదు, సంసారాలకూ నీడ దక్కుతుంది. దీని మాటున తెల్లకాగితాల మీద కొని ఖాళీగా ఉంచినవాళ్లు కూడా లాభపడతారని రెండో అభ్యంతరం. అందుకే తేడా చూడాలంటున్నాను. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఓటరు జాబితా, బడి రికార్డు, ఇవన్నీ కాపురానికి సాక్ష్యాలే. ప్రహరీ కట్టి తాళం వేసిన స్థలానికి ఇవేవీ ఉండవు.

మూడో అభ్యంతరం ఇంకా బరువైనది. కాపురాన్ని నమ్ముకుంటే ప్రభుత్వం తలచుకున్న రోజున ఊరే పోతుంది కదా అంటారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారం కోసం గాజువాక వైపు ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. పొలాలకు దస్తావేజులున్న రైతులూ కదలాల్సి వచ్చింది, లేనివాళ్లూ కదలాల్సి వచ్చింది. పునరావాస కాలనీల్లో నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డు చేతపట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసినవారి కథ ఇంకా ముగియలేదు. అయితే ఇది కాపురానికి వ్యతిరేకంగా చెప్పే సాక్ష్యం కాదు. భూసేకరణ ముందు కాగితానికీ దక్కేది పరిహారమే, ఇల్లు కాదు. చెదిరిన తర్వాత కూడా తమ హక్కు అడగడానికి వాళ్లకు గొంతునిచ్చింది ఒకే ఊరివాళ్లమన్న బంధం. విడివిడిగా ప్లాట్లు కొన్నవాళ్లకు ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది?

కనుక ఇల్లు వెతుక్కునేవారికి ఇన్నాళ్లూ చెప్పిన వరస మార్చి చెబుతున్నాను. ముందు ఊరు, తర్వాత పొరుగు, ఆపైన నీళ్లు, చివరికి కాగితం. చివరికి అన్నానని కాగితం వదిలేయమని కాదు. అది సరిగ్గా లేకపోతే ఎంత మంచి ఊరైనా కొనకండి, పంచగ్రామాల కష్టం చూసి కూడా కొనడం తగదు. కానీ కాగితం బాగుందన్న ఒక్క కారణంతో ఏ ఊరూ ఎంచుకోకండి. కొనేముందు ఏడాదిపాటు ఆ ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకోండి. మే నెలలో బావి ఎంత లోతుకు దిగుతుందో, అక్టోబరు వాయుగుండానికి గెడ్డ ఎక్కడిదాకా వస్తుందో, రాత్రిపూట జ్వరమొస్తే ఎవరి బండి దొరుకుతుందో, అమ్మవారి పండక్కి మీ ఇంటి చందా అడగడానికి వస్తారో రారో చూడండి. అడగడానికి వచ్చారంటే ఊరు మిమ్మల్ని లెక్కలో వేసుకున్నట్టే. ఆ తర్వాత ఈసీకి దరఖాస్తు పెట్టండి. ఏడాది అద్దె దండగ అనిపించవచ్చు. ఉండలేని చోట జీవితకాలపు పొదుపు పాతిపెట్టడంతో పోలిస్తే అది చాలా చిన్న ఖర్చు. ఇక ఆ ఏడాదిని ఎప్పుడో దాటేసి, తరాలుగా ఉంటున్న పంచగ్రామాలవారికి కాగితం ఒక్కటే బాకీ ఉంది. దేవస్థానానికి నష్టం లేకుండా ఆ బాకీ తీర్చడం ప్రభుత్వం పని, ఇంకో తరం ముసలిది కాకముందే.