నొప్పికి ముందే మందు, తీర్థానికి తడి దూది

మంచాన పడిన పెద్దాయన చేత నాలుగు ముద్దలు ఎలాగైనా తినిపించాలని ఇంట్లోవాళ్ల ఆరాటం. క్యాన్సర్ ముదిరి ఆఖరి రోజుల్లోకి వచ్చాక తిండి మీద ధ్యాస తగ్గిపోవడం జబ్బు లక్షణమే. పెట్టేవాళ్ల లోపం కాదు. పడుకున్న మనిషి నోట్లో బలవంతాన గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కొత్త బాధ మొదలవుతుంది. ఆపేక్షకు పనితనం తోడవ్వాలని, ఆఖరి దశ రోగుల బాధ తగ్గించే హాస్పిస్ సేవ పట్టుబట్టేది ఇందుకే.

ఈ సేవకు నేటి రూపం ఇచ్చింది సిసిలీ సాండర్స్. నర్సుగా మొదలై డాక్టరైన ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. రోగి నొప్పిలో ఒంటి బాధతో పాటు మనోవ్యథ, ఇంటి దిగులు, దేవుడి మీద ప్రశ్నలు కూడా కలిసి ఉంటాయని, అన్నిటినీ పట్టించుకోవాలని చెప్పారు. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదన సదన్ వచ్చింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, స్పర్శ్ హాస్పిస్ ఈ సేవ అందిస్తున్నాయి.

ఈ సేవలో తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందు మార్ఫిన్ అనగానే చాలామంది జంకుతారు. అలవాటు పడిపోతారని, ప్రాణం త్వరగా పోతుందని భయం. డాక్టర్ చెప్పిన మోతాదులో క్యాన్సర్ నొప్పికి వాడితే ఆ భయం అక్కర్లేదు. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలే. నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి. మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనాల మందు మొదటి రోజు నుంచే రాయించుకోవాలి. మోతాదు మాత్రం సొంతంగా పెంచకూడదు, తగ్గించకూడదు. విపరీతమైన మగత కనిపించినా, ఊపిరి బాగా నెమ్మదించినా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. మాత్రలు తాళం వేసి ఉంచడం, లెక్క రాసుకోవడం తప్పనిసరి.

రోగిని ఒత్తిగిల్లించడం చూడటానికి చిన్న పని. కానీ చంకల కింద చేతులు వేసి లాగితే పలచబడిన చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. మడత దుప్పటి నడుం కింద పరిచి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపాలి. వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా పడుకోబెట్టాలి. మోకాళ్ల మధ్య ఇంకో దిండు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఒకటి. సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కదిలిస్తే బాధపడే స్థితిలో అంత పట్టుదల వద్దు. ముడ్డిపూస దగ్గర ఎర్రబడితే రుద్దకూడదు. నలిపితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది.

ఆయాసం వస్తే తల ఎత్తు చేసి, కిటికీ తెరిచి, ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే కొంత ఊరట. మింగలేని స్థితిలో తులసి తీర్థం చెంచాతో పోయవద్దు. తీర్థంలో ముంచి పిండిన దూదితో పెదవులు అద్దితే చాలు. ఆచారమూ నిలుస్తుంది, పొలమారదు. చివర్లో గొంతులో గురగుర వినిపిస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. స్పృహ లేదనుకుని మంచం పక్కనే ఆస్తి పంపకాల మాట ఎత్తేవాళ్లను చూస్తే నాకు బాధ. ఆయనకు వినిపిస్తూ ఉండొచ్చు. పేరు పెట్టి పిలవండి, ఒంటి మీద చేయి వేసే ముందు ఏం చేయబోతున్నారో చెప్పండి.

మన ఇళ్లలో ఈ చాకిరీ తరచు భార్య మీదో కోడలి మీదో పడుతుంది. రాత్రి కాపలాకి మగపిల్లలతో సహా అందరూ వంతులు వేసుకోవాలి. ఏ మందు ఎప్పుడు ఇచ్చారో, ఎప్పుడు పక్క మార్చారో రాసిన కాగితం గోడకు అంటిస్తే, వంతు మారినప్పుడు రెండో మోతాదు పొరపాటున పడదు, నిద్రలో ఉన్నవారిని లేపి అడగాల్సిన పని ఉండదు.