నవ్వే కుర్చీ, నవ్వించే చోటు

‘శ్రీవారికి ప్రేమలేఖ’లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పే సీను ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. అందరూ హీరో ఎంట్రీ నుంచి కథ మొదలుపెడితే ఆవిడ టైటిల్స్ దగ్గర మొదలుపెడుతుంది. ఎవరు నటించారో, ఎవరు తీశారో అప్పజెప్పి, కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి తీసుకోకుండా సాగిపోతుంది. తను చేసేది నవ్వు తెప్పించే పని అని ఆ ముఖానికి బొత్తిగా తెలియదు. హాస్యంలో అన్నిటికంటే కష్టమైన పని అదే. నటుడు అమర్‌నాథ్ కూతురు ఆమె. ఇంటి పరిస్థితుల వల్ల సినిమాల్లోకి వచ్చి, హీరోయిన్ వేషాలు కలిసిరాక హాస్యానికి మళ్ళింది. ఆ తర్వాత జరిగినదంతా ఆమె ప్రతిభేనని అంటాం గానీ అది సగం నిజం. ఆ సినిమా తీసిన జంధ్యాల ఆమె నోటికి మాట రాశాడు, పక్కనున్న మగవాళ్ళను వినేవాళ్ళుగా కూర్చోబెట్టాడు. మిగతా సగం అదీ. హాస్యనటి జీవితం ఆమె టైమింగ్ మీద ఎంత ఆధారపడుతుందో, కాగితం పట్టుకున్నవాడి మీదా అంతే ఆధారపడుతుంది. టీవీలో అయితే ఇంకా ఎక్కువ. సినిమాకి ఆర్నెల్లు ఆగొచ్చు, టీవీలో వారం తిరిగేసరికి కొత్త ఎపిసోడ్ ఉండాలి.

టీవీ ఈ విషయంలో మొదట్లో బాగానే నడిచింది. 2001 నవంబరులో జెమినిలో మొదలై ఆరేళ్ళపాటు నడిచిన గుణ్ణం గంగరాజు హాస్య సీరియల్ ‘అమృతం’ చూడండి. అమృతరావు పాత్రలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మారారు. సంజీవినిగా మొదట ఝాన్సీ, తర్వాత సుప్రియ చేశారు. అమృతరావు స్నేహితుడు అంజిగా గుండు హనుమంతరావు, అంజి భార్య శాంతగా రాగిణి. కథ నడిపేది మగవాళ్ళిద్దరే, కాదనలేం. కానీ అమృతం ఏ వెర్రి ఐడియా పట్టుకొచ్చినా అది వెర్రి అని మనకు తెలిసేది ఇంట్లో ఆడవాళ్ళు దాన్ని విన్న తీరులో. అవతలివాడు మాట పూర్తి చేశాక ఒక్క క్షణం ఆగి, కనుబొమ్మ ఎత్తి, అప్పుడు నోరు తెరవాలి. ఆ క్షణం ముందుకు జరిగితే అవతలివాడి జోకు చస్తుంది, వెనక్కి జరిగితే సీను చస్తుంది. ఈ పనికి చప్పట్లు రావు. గుండు హనుమంతరావుని తలచుకున్నంతగా రాగిణిని ఎంతమంది తలచుకుంటారు?

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో కామెడీ స్కిట్ల షో ‘జబర్దస్త్’ వచ్చింది. ‘శ్రీవారికి ప్రేమలేఖ’ రామోజీరావుగారి ఉషాకిరణ్ మూవీస్ తీసిన మొదటి సినిమా. ఈటీవీ కూడా ఆయన పెట్టిందే. ఒకే ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ళ తేడాతో జరిగిన మార్పు చూడండి. జబర్దస్త్ స్టేజీ మీద చాలాకాలం భార్య, అత్త, మరదలు, పక్కింటావిడ అందరూ చీర కట్టిన మగవాళ్ళే. ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. జడ్జి కుర్చీలో రోజా, మైకు పట్టుకుని అనసూయ, తర్వాత రష్మి. స్కిట్‌లో పంచ్ పడగానే కెమెరా తిరిగేది రోజా నవ్వు మీదికే. అంటే ఆడమనిషి నవ్వడం ఈ షోకి కావాలి. ఆమె నవ్వించడం మాత్రం ఆలస్యంగా గానీ గుర్తురాలేదు.

మగవాళ్ళు ఆడవేషం వేయడం మన సంప్రదాయమే కదా అంటారు. నాటకాల్లో స్థానం నరసింహారావుగారి సత్యభామ, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారి వేషాలు చరిత్రలో ఉన్నాయి, నిజమే. కానీ స్థానంవారి గొప్పతనం చీరలో ఉన్నది మగవాడని జనం మర్చిపోవడంలో ఉంది. స్కిట్ నడిచేది ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా చూసుకోవడం మీద. ఆ గెటప్పులు వేసే కుర్రాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కష్టపడి పైకొచ్చినవాళ్ళు, బయట వెక్కిరింతలు పడినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఇంకో వాదన ఉంది: చెంపదెబ్బలు, డబుల్ మీనింగులు ఉన్న స్కిట్‌లో ఆడపిల్లను ఎలా పెడతాం, ఇబ్బంది కదా అని. ఇది జవాబు కాదు, ఒప్పుకోలు. ఆడమనిషి ఎదుట అనలేని మాటను చీర కట్టిన మగవాడి ముందు అని, కుటుంబమంతా కూర్చుని చూడమంటున్నారన్నమాట. రేటింగులు వచ్చాయిగా అంటే, వచ్చాయి. ‘అమృతం’కీ జనం వచ్చారు. యూట్యూబులో ఇప్పటికీ వస్తున్నారు.

ఆడవాళ్ళు ముందుకు రారన్న మాట మాత్రం నమ్మేది కాదు. సురభి నాటకాల్లో నూరేళ్ళకు పైగా ఆడవాళ్ళు స్టేజీ ఎక్కుతూనే ఉన్నారు. తెలంగాణ అంచున మా దమ్మపేట వైపు పత్తి ఏరే చోట, మిర్చి కోతల్లో మేస్త్రీ నడకనీ రైతు గొంతునీ దించేసే ఆడకూలీలు ప్రతి ముఠాలోనూ ఒకరుంటారు. అశ్వారావుపేట దాటితే పాత పశ్చిమగోదావరి. ఇటు యాస, అటు యాస రెండూ చెవిన పడే ఈ సరిహద్దులో యాస ఒక్కటే నవ్వు కాదని అందరికీ తెలుసు. సినిమాలు తెలంగాణ మాటను రౌడీకీ జోకర్‌కీ ఇచ్చిన చాలా ఏళ్ళకు వీ6 వార్తా ఛానల్‌లో తీన్మార్ సావిత్రి ఆ మాటతోనే లోకాన్ని వెక్కిరించింది. నవ్వులపాలైన యాస నవ్వించే యాస అయింది. చోటిస్తే జరిగేది అది. జబర్దస్త్‌లోనూ చమ్మక్ చంద్ర స్కిట్లలో సత్యశ్రీ, ‘పటాస్’ నుంచి వచ్చిన ఫైమా, సీరియళ్ళ నుంచి వచ్చిన రోహిణి నిలబడ్డారు. రోహిణి ఆ తర్వాత ‘సేవ్ ది టైగర్స్’లో పనిమనిషి పాత్రను పట్టుకుని పెద్ద నటుల మధ్య నవ్వు లాక్కుంది. రెండుసార్లు బిగ్‌బాస్‌కి కూడా వెళ్ళింది. హాస్యనటికి పేరు రావాలంటే హాస్యం ఒక్కటే చాలకపోవడం వేరే కథ.

1951లో అమెరికాలో హాస్యనటి లూసిల్ బాల్ కోసం టీవీ షో మొత్తం ఆమె చుట్టూ రాశారు. ఫ్యాక్టరీ బెల్టు మీద చాక్లెట్లు ముంచుకొస్తుంటే నోట్లో, టోపీలో కుక్కుకునే ఆమె సీను ఇప్పటికీ జనం చూస్తారు. అక్కడ ఆమె ఎవరి భార్యో గుర్తు రాదు, ఆమె పనే గుర్తుంటుంది. పదకొండేళ్ళకు తమ స్టూడియోలో మాజీ భర్త వాటా కొనేసి తనే యజమాని అయింది. మన దగ్గర స్టూడియోలు అక్కర్లేదు. టీమ్ లీడర్ కుర్చీ, స్క్రిప్ట్ రాసే గదిలో చోటు, నచ్చని జోకు కొట్టేసే హక్కు చాలు. లావు మీద, రంగు మీద రాసిన జోకుని ఆ అమ్మాయే నవ్వుతూ చెప్పాల్సి రావడం తగ్గేది అక్కడే. ఛానళ్ళవారు కొత్త షో మొదలుపెట్టేటప్పుడు ఆడపిల్లలు రాసి, ఆడపిల్లలు నడిపే టీమ్ ఒక్కటైనా పెట్టండి. జనం నవ్వకపోతే తీసేద్దురు గాని.