గడ్డి ముందు గేదెది

ఈ వారం నా కోపం పొగ మీద. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము చాలదన్నట్టు, నడికుడి పొలిమేరలో మిషను కోసిన వరిచేలో గడ్డికీ మోళ్లకీ కలిపి నిప్పు పెట్టారు. నా రోగం మీకు తెలిసిందే: కాలే గడ్డిని చూస్తే ఎరువుల బస్తా తగలబడుతున్నట్టే ఉంటుంది. గడ్డిలోని నత్రజని దాదాపు అంతా ఆ పొగలోనే పోతుంది.

ఆ గడ్డినే మెట్టవరి సాళ్ల మధ్య పరవొచ్చు కదా! కాలువ ఆలస్యమైన ఏడు పొడిదుక్కిలో గొర్రుతో వడ్లు వేస్తే దమ్మూ ఉండదు, కలుపుని అణిచే నిలవ నీళ్లూ ఉండవు. ఊద, తుంగ పైరుతో పాటే లేస్తాయి. వాటిది పైచేయి అయితే దిగుబడి మాట మరిచిపోవాల్సిందే. గడ్డి పరిస్తే కలుపు గింజకి వెలుతురు అందదు, నేల వేడెక్కదు, తేమ తొందరగా ఆరదు. పొట్ట మీదున్నప్పుడు వాన మొహం చాటేస్తే తాలు తగ్గించేది ఆ తేమే.

పల్నాట వరి ముచ్చట ఎత్తితే శ్రీనాథుణ్ణి తలవకుండా ఎలా? జొన్నకూడు మింగుడుపడక చాటువుల్లో విసుక్కున్నాడని ఇక్కడ బడిపిల్లలకీ తెలుసు. ఆయన కోరిక 1967లో సాగర్ కాలువలకి నీళ్లొదిలాక తీరింది. కుడికాలువ కింద వరి పండింది, జొన్నకూడు ముసలివాళ్ల కబుర్లలోకి వెళ్లిపోయింది. జొన్నతో పాటు చొప్పా పోయిందని మాత్రం ఏ కవీ రాయలేదు. గింజ మనిషికి, చొప్ప పశువుకి అన్న పంపకంలో ఒకప్పుడు తగువు లేదు. ఇప్పుడు గేదెకి మిగిలింది వరిగడ్డి. పాలడబ్బులతో నెల గడిపే ఇంటికెళ్లి "వాము విప్పి చేలో పరవండమ్మా" అనడానికి నాకు నోరు రాదు.

గడ్డి దండిగా ఉన్నా తిరకాసులున్నాయి. మొలకకి ముందే మందంగా పరిస్తే వడ్లూ పైకి రావు. ఎండుగడ్డి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజని లాక్కుంటాయి, పైరు పసుపు తిరుగుతుంది. నల్లరేగడిలో ముసురు పడితే దానికింద నేల ఆరదు.

అందుకని ఎండుగడ్డి వకాలతు ఇవాళ్టితో వదిలేస్తున్నాను. వడ్లతో పాటే జీలుగ చల్లి, 25-30 రోజులకి చంపి అక్కడే వాల్చేసే పద్ధతి ఒకటుంది. శాస్త్రవేత్తలు బ్రౌన్ మాన్యూరింగ్ అంటారు. పెరిగినన్నాళ్లూ నీడపట్టి కలుపుని అణుస్తుంది. లేతది కాబట్టి తొందరగా కుళ్లి, నత్రజని లాక్కోకపోగా ఇస్తుంది. గేదె మేతకీ అడ్డు రాదు.

జీలుగని చంపడానికి 2,4-డి కొడతారు. వెడల్పాకు మొక్క చస్తుంది, వరి నిలుస్తుంది. మందు డబ్బాల్ని తిట్టే నేను దీనికి సరే అంటున్నానని నవ్వుకోండి, పరవాలేదు. కానీ మనది పత్తి సీమ. ఆ మందు తుంపర గాలికి కాస్త పడినా పత్తి ఆకులు ముడుచుకుని పైరు దెబ్బతింటుంది. గట్టు అవతల పత్తి ఉన్నవాళ్లు ఆ డబ్బా మూత తీయకండి. కూలి ఎక్కువైనా జీలుగని పీకించి సాళ్లలో పరిపించండి.