పేరున్న లెక్క

బోస్నియా యుద్ధం 1995లో ముగిసింది. ఎంతమంది పోయారంటే ఒకరు 2 లక్షలనేవారు, ఇంకొకరు రెండున్నర లక్షలనేవారు. బోస్నియా రాజధాని సరయేవోలోని నాయకులు ఆ సంఖ్య మీద ఈగ వాలనిచ్చేవాళ్లు కాదు. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వాళ్లు అంతా కట్టుకథ అని కొట్టిపారేసేవాళ్లు. సరయేవో పరిశోధకుడు మిర్సాద్ తొకాచా ఈ రెండు మాటలూ పక్కనపెట్టి పేర్లు రాయడం మొదలుపెట్టాడు. 2007లో ఆయన బృందం బయటపెట్టిన పట్టికలో 97,207 మంది తేలారు. ఆ తర్వాత ఇంకా వడకట్టి, సంపుటాలుగా అచ్చువేసేనాటికి అది 95,940కి తగ్గింది. మృతుల సంఖ్య తగ్గడం మన పేపర్లలో ఎప్పుడైనా చూశామా? మనకు తెలిసింది 'మృతుల సంఖ్య పెరిగే అవకాశం ఉంది' అనే వాక్యం ఒక్కటే.

ఆ తగ్గడంలోనే ఉంది పనితనమంతా. ఒకే మనిషి రెండు స్పెల్లింగులతో రెండుసార్లు ఎక్కి ఉంటాడు. పుట్టిన ఊరి జాబితాలో ఒకసారి, చనిపోయిన ఊరి జాబితాలో ఇంకోసారి కనిపిస్తాడు. యుద్ధకాలంలో చనిపోయినా యుద్ధం వల్ల చనిపోని వాళ్లుంటారు. తండ్రి పేరు, పుట్టిన తేదీ పట్టుకుని ఇవన్నీ ఒక్కొక్కటే విడదీయాలి. తొకాచా విడదీశాడు. మారణహోమాన్ని చిన్నది చేస్తున్నాడని సొంతవాళ్లే ఆయన్ను తిట్టిపోశారు. చనిపోయిన పౌరుల్లో 80 శాతానికి పైగా బోస్నియాక్‌లేనని (బోస్నియా ముస్లింలేనని) ఎవరూ కాదనలేకుండా నిరూపించింది మాత్రం ఆ పట్టికే. గొంతు చించుకున్నవాళ్లలో ఒక్కరూ ఆ పని చెయ్యలేకపోయారు.

ఈ విద్యకు చరిత్ర ఉందిలెండి. మహాభారతం స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు అడిగితే ధర్మరాజు 166 కోట్ల 20 వేల మంది పోయారంటాడు. ఆచూకీ లేని వీరులు 24,165 మంది అట! పోయినవాళ్లది గుండుగుత్త లెక్క, కనబడని వాళ్లది మాత్రం ఒకట్ల స్థానం దాకా. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, బ్రిటిష్ వాళ్లు యుద్ధ సమాధుల కమిషన్ పెట్టారు. అదంతా సైనికుల లెక్క. పౌరుల గురించి పట్టించుకున్న ప్రభుత్వం దాదాపు లేదు.

ఇరాక్ మీద దాడికి ముందే, 2003 జనవరిలో, హమీత్ దర్దగాన్, జాన్ స్లోబొడా కలిసి 'ఇరాక్ బాడీ కౌంట్' మొదలుపెట్టారు. స్లోబొడా సంగీత మనస్తత్వ శాస్త్రం చెప్పే ప్రొఫెసర్. ఇలాంటి పనులు ఎప్పుడూ ఊహించని చోటు నుంచే మొదలవుతాయి. వాళ్ల దగ్గర ఉన్నవల్లా వార్తా సంస్థల కథనాలు, ఆస్పత్రుల, శవాగారాల లెక్కలు. వాళ్ల పట్టికలో ఒక్క వరుస తీసి చూడండి. ఘటనకో గుర్తు సంఖ్య, తేదీ, ఊరు, ఏ ఆయుధం, ఎవరి మీద గురి, కనీసం ఎంతమంది, గరిష్ఠంగా ఎంతమంది, ఎవరెవరు చెప్పారు. తొలి రోజుల్లో ఒకరికొకరు సంబంధం లేని రెండు చోట్ల వస్తే తప్ప వరుస పడేది కాదు. ఒకే ఏజెన్సీ వార్తను పది పత్రికలు వేసుకుంటే అది పది సాక్ష్యాలు కాదు, ఒక్కటే. ఈ ఒక్క సూత్రాన్ని మన న్యూస్‌రూముల గోడల మీద రాయిస్తే ఎంత బాగుండును! ఒక కథనంలో 11 మంది, ఇంకో దాంట్లో 14 మంది అని వస్తే పన్నెండున్నర అని సగటు తీయరు. కనీసం 11, గరిష్ఠం 14 అని రెండూ ఉంచుతారు. తెలియని దాన్ని తెలియనట్టే చూపించడం ఈ కళలో అన్నిటికన్నా కష్టమైన మెళకువ.

2006లో లాన్సెట్ పత్రికలో ఒక సర్వే వచ్చింది. 1,849 ఇళ్లలో అడిగి, ఇరాక్‌లో హింసకు బలైనవాళ్లే 6 లక్షల పైచిలుకు అని లెక్కగట్టారు. దాదాపు అదే కాలానికి 9,345 ఇళ్లు తిరిగిన మరో సర్వే 2008లో 1,51,000 అంది. బాడీ కౌంట్ వాళ్లది చాలా తక్కువని అప్పట్లో ఎద్దేవా చేశారు. నేను బాడీ కౌంట్ పక్షమే, దాచుకునేదేముంది? తమది అసలు మొత్తం కాదని వాళ్లు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. 2010లో అమెరికా సైన్యం రహస్య పత్రాలు బయటపడినప్పుడు కూర్చుని సరిచూసి, తమకు దొరకని పౌరుల మరణాలు మరో 15,000 దాకా అందులో ఉన్నాయని తేల్చిందీ వాళ్లే. సర్వే అంచనా ఇస్తుంది, కాదనను. రేపు కోర్టులో ఒక తల్లి నిలబడి 'నా కొడుకు ఎక్కడ?' అంటే, చూపించడానికి వరుస ఉన్నది మాత్రం వీళ్ల దగ్గరే.

ఇప్పుడు ఈ కళకు పరాకాష్ఠ చూడాలంటే ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా సైనికుల మరణాలను లెక్కిస్తున్న మీడియాజోనా, బీబీసీ రష్యన్ విలేకరుల పని చూడాలి. రష్యా రక్షణ శాఖ చివరిసారిగా సంఖ్య చెప్పింది 2022 సెప్టెంబరులో: 5,937. ఆ తర్వాత మౌనం. వీళ్లు వలంటీర్లతో కలిసి మారుమూల జిల్లా పత్రికల్లో సంతాప ప్రకటనలు, సోషల్ మీడియాలో బంధువుల పోస్టులు, బడి గోడ మీద పెట్టిన స్మారక ఫలకాలు ఏరుతారు. శ్మశానాలకు వెళ్లి కొత్త సమాధుల ఫొటోలు తీస్తారు. దొరికిన వెంటనే కాపీ భద్రపరచాలి, రేపటికి ఆ పోస్టు ఉండకపోవచ్చు. మన జిల్లాల్లో వెంకటేశ్వరరావుల్లా అక్కడ అలెక్సాండర్ ఇవనోవ్‌లు కోకొల్లలు. అందుకే తండ్రి పేరు, పుట్టిన తేదీ, సొంతూరు కలిస్తేనే పట్టికలోకి.

అంతటితో ఆగలేదు. రష్యాలో ఎవరైనా పోతే ఆస్తి కోసం వారసులు ఆరు నెలల్లోగా నోటరీ దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ రిజిస్టరు బహిరంగం. మీడియాజోనా, మెదుజా విలేకరులు గణాంక నిపుణుడు ద్మిత్రీ కొబాక్‌తో కలిసి అందులో మగవాళ్ల మరణాలను ఆడవాళ్ల మరణాలతో పోల్చారు. కరోనా లాంటిదేదైనా ఇద్దరినీ తాకుతుంది. యుద్ధం తాకేది ముఖ్యంగా వయసులో ఉన్న మగవాళ్లను. యుద్ధానికి ముందున్న నిష్పత్తి కంటే ఎక్కువైన భాగమే యుద్ధం తిన్నది. 2023 మే ఆఖరుకు దాదాపు 47,000 మంది అని అలా తేలింది. సైన్యం దాచిన మరణాన్ని ఆస్తి కాగితం పట్టిచ్చిందన్నమాట. ఈ ఆలోచన తట్టినవాళ్లకు దండం పెట్టాలి.

మరో ఘనుడు, మానవ హక్కుల గణాంక నిపుణుడు పాట్రిక్ బాల్. ఒకే ఊళ్లో ఇద్దరు విడివిడిగా తిరిగి చనిపోయినవాళ్ల పేర్లు రాసుకొచ్చారనుకోండి. రెండు చిట్టాల్లోనూ చాలావరకు అవే పేర్లుంటే తప్పిపోయినవాళ్లు కొద్దిమందే. పేర్లు కలవకపోతే ఇద్దరికీ దొరకనివాళ్లు ఇంకా బోలెడుమంది ఉన్నట్టు. ఈ సూత్రం మీదే ఆయన బృందం దొరకనివాళ్లను అంచనా కడుతుంది. అంతకుముందు జరగాల్సిన పని, చిట్టాలను కలిపి నకళ్లు తీసేయడం. సిరియాకు సంబంధించి అయిదు వనరుల నుంచి వచ్చిన 3,18,910 నమోదులను ఆ బృందం 2014లో వడకడితే 1,91,369 మంది మిగిలారు.

ఇక సెర్బియా మానవ హక్కుల కార్యకర్త నతాషా కాందిచ్. బెల్‌గ్రేడ్‌లో ఉంటూ, దేశద్రోహి అనిపించుకుంటూ, కొసోవో యుద్ధ మృతుల పుస్తకం తయారుచేయించారు. 1998 నుంచి 2000 దాకా 13,535 మంది. ఆల్బేనియన్లు, సెర్బులు, రోమాలు అందరూ అందులో ఉన్నారు. పేరు పక్కన ఎలా, ఎక్కడ చనిపోయారో కూడా రాశారు. పాట్రిక్ బాల్ వాళ్లు పది వేరే పట్టికలతో పోల్చి చూసి ఇది దాదాపు సంపూర్ణమన్నారు. మృతులను లోకానికి చూపించే తీరంటే నాకిదే.

ఇక మన సంగతి. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన వాయుసేన దాడి జరిగిన కొన్ని గంటల్లోనే టీవీల్లో 250, 300, 350 అంటూ వేలంపాట సాగింది. ఒక్క పేరు లేదు. లక్ష్యాన్ని తాకామా లేదా అన్నదే తాము చూస్తామని, చచ్చినవాళ్లను లెక్కపెట్టేది తాము కాదని వాయుసేనాధిపతి ధనోవా చెప్పారు. 2002లో అమెరికా జనరల్ టామీ ఫ్రాంక్స్ కూడా దాదాపు ఇదే అన్నాడు. 2025 మేలో, భారత్-పాక్ ఘర్షణ వేళ, ఒక రాత్రంతా కొన్ని ఛానళ్లు కరాచీ ఓడరేవును నేలమట్టం చేసేశాయి. ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధ దృశ్యాలుగా చలామణీ అయ్యాయి. ఎర్ర అక్షరాలు, పేలుడు శబ్దం, కింద గుండ్రటి సంఖ్య. ఇది చూపించి 'డేటా' అంటారు! ఏళ్ల తరబడి సమాధుల మధ్య తిరిగినవాళ్ల మాటకు ఎవరూ ఆగరు, ఈ గ్రాఫిక్‌కు మాత్రం లక్షల వ్యూలు. ఒళ్లు మండదా?

ఈ కళ అక్కరలేనంత దూరంలో మనమేమీ లేము. ఏజెంట్ల మాట నమ్మి ఉద్యోగానికని రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడొకరు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడు, ఆ మరణాన్ని 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. లెక్కను శంకిస్తే ఏం చెయ్యాలో గాజాలో చూశాం. గాజా ఆరోగ్య శాఖ లెక్కలను అప్పటి అమెరికా అధ్యక్షుడే శంకిస్తే, ఆ శాఖ 2023 అక్టోబరులో 6,747 పేర్లు గుర్తింపు నంబర్లతో సహా బయటపెట్టింది. ఎయిర్‌వార్స్ సంస్థ తాను విడిగా సేకరించిన 3,000 పేర్లను సరిచూస్తే నాలుగింట మూడు వంతులు ఆరోగ్య శాఖ జాబితాలో ఉన్నాయి. శంకను తీర్చే మార్గం ఇదొక్కటే, అరవడం కాదు.

తెలుగు పత్రికల డెస్కుల్లో పనిచేస్తున్న మిత్రులారా, ఒక్క విన్నపం. యుద్ధ వార్తలో మృతుల సంఖ్య వేసినప్పుడు ఆ మాట ఎవరన్నారో, ఏ తేదీ దాకా లెక్కో, పౌరులెందరో సైనికులెందరో పక్కనే వేయండి. తెలియకపోతే తెలియదని వేయండి. చోటు చాలకపోతే విశేషణాలు కొట్టేయండి.