ఆపరేషన్ తర్వాతే అసలు వైద్యం

240 కిలోల బరువున్న ఒక యువకుడికి హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో బరువు తగ్గించే ఆపరేషన్ జరిగింది. రెండు నెలల్లో దాదాపు 70 కిలోలు తగ్గాడని 2023 ఆరంభంలో డాక్టర్లు ప్రకటించారు. డాక్టర్ సి.హెచ్. మధుసూదన్ నడిపిన సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం చేసిన పని ఇది. ప్రైవేటులో లక్షలు పోసి చేయించుకునే ఆపరేషన్ సర్కారు దవాఖానలో జరగడం పేదలకు నిజంగా మంచి కబురు.

అంత బరువున్న మనిషి వస్తే సర్జన్ కత్తి పట్టకముందే బోలెడు పని ఉంటుంది. టేబుల్ ఆ బరువు మోయాలి. మెడ చుట్టూ కొవ్వు పేరుకుంటే గొంతులోకి గొట్టం వేయడం మత్తు డాక్టరుకు కష్టం. చాలామందికి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు (స్లీప్ ఆప్నియా) కూడా ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం జీర్ణాశయానికి అడ్డు వస్తుంది కాబట్టి, అది కాస్త కుంచించుకుపోయేలా ముందు రెండు వారాలపాటు కేలరీలు బాగా తగ్గించిన ఆహారం ఇస్తారు.

మన దగ్గర ఎక్కువగా చేసేది స్లీవ్ పద్ధతి. జీర్ణాశయంలో ముప్పావు వంతు దాకా స్టేప్లర్‌తో వేరుచేసి తీసేస్తారు, సన్నటి గొట్టం లాంటి భాగం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా ఊరేది తీసేసిన భాగంలోనే. అందుకే తిండి మీద యావ కూడా తగ్గుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ పద్ధతి ఇంకా పాతది. అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో దానికి శ్రీకారం చుట్టాడు.

ఆపరేషన్ రోజు సాయంత్రమో, మర్నాడో పేషెంటును లేపి నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే నడక తప్పదు. నొప్పితో మూలుగుతున్న మనిషికి చేయూతనిచ్చి నాలుగడుగులు వేయించే నర్సు ఓపిక ఎంత గొప్పదో పేషెంట్లకే తెలుసు. మొదట నీళ్లు, పలుచటి మజ్జిగ, జావ, అవీ గుక్కెడు గుక్కెడుగా. గట్టి తిండికి వారాలు పడుతుంది.

చిక్కంతా ఇంటికొచ్చాక. కుట్ల దగ్గర లీకైతే జ్వరం వస్తుంది, నాడి వేగంగా కొట్టుకుంటుంది, కడుపునొప్పి పెరుగుతుంది. వనపర్తి జిల్లా వీపనగండ్లలో ఉన్న మనిషికి అర్ధరాత్రి ఆ లక్షణాలు కనిపిస్తే హైదరాబాద్ సర్జన్ అందుబాటులో ఉంటాడా? పెబ్బేరు దాకా వచ్చి జాతీయ రహదారి ఎక్కి, గంటల తరబడి ప్రయాణం చేయాలి. డిశ్చార్జి కాగితం మీద ఏ లక్షణానికి ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో రాసివ్వడం అందుకే అవసరం. డైట్ చార్టూ అంతే. ఓట్సు, బ్రోకలీ అని రాసిస్తే ఆ ఊళ్లో ఏం చేసుకుంటారు? జొన్నరొట్టె ఎన్ని వారాలకు మొదలుపెట్టాలి, పప్పు ఎంత మెత్తగా ఉడకాలి, గుడ్డు ఎప్పుడు తినొచ్చు... చెప్పాల్సినవి ఇవి. బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి. ఆ సంగతి ఆపరేషన్‌కు సంతకం పెట్టకముందే ఇంటిల్లిపాదికీ తెలియాలి.

ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ ఆపరేషన్ ఖర్చు బీమా కింద రావాలంటే, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన షరతు ప్రకారం సాధారణంగా 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. లేదంటే 35 గానీ ఆపైన గానీ ఉండి, అదుపులోకి రాని షుగరు, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటివి ఉండాలి. మిగతా మార్గాలు ఫలించలేదని డాక్టర్ ధ్రువీకరించాలి. పాలసీ కాగితం ముందే చదివించుకోండి.

2022లో వనపర్తికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడే ఈ ఆపరేషన్లు మొదలుపెట్టమని ఎవరూ అడగడం లేదు. హైదరాబాద్‌లో చేయించుకొచ్చినవాళ్ల కోసం నెలకొక ఓపీ, రక్తపరీక్ష, ఒక డైటీషియన్, ఉస్మానియా సర్జన్లతో మాట్లాడే ఫోన్ లైను ఏర్పాటు చేయండి. పాలమూరు పల్లెల నుంచి వెళ్లేవారి తరఫున వైద్యారోగ్య శాఖకు ఈ కాలమ్ చేస్తున్న విన్నపం ఇది.